పాత హోండా సిటీలో ఏసీ గాలి తగ్గి వాసన వస్తుంటే, గ్యాస్ కంటే ముందు క్యాబిన్ ఫిల్టర్ చూడండి

మీరు చెప్పిన విషయాలు ముందు ఒకచోట పెడతాను, ఇదే ఇబ్బంది ఉన్న మిగతావాళ్లకూ పనికొస్తుంది. కారు 2011 మోడల్ హోండా సిటీ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు. ఉండేది గుంటూరు, కారు పెట్టేది వేపచెట్టు కింద. బ్లోయర్ నాలుగులో పెట్టినా గాలి రెండులో వచ్చినంతే వస్తోంది, చప్పుడు మాత్రం పెరిగింది. ఏసీ వేయగానే కాసేపు తడి గోనెసంచి వాసన. వానలో ముందు అద్దానికి పట్టిన ఆవిరి ఓ పట్టాన వదలదు. నాన్నగారికి ఉబ్బసం, కారెక్కితే దగ్గు. మెకానిక్ చూసి గ్యాస్ అయిపోయిందని, కూలింగ్ కాయిల్ (గాలిని చల్లబరిచే భాగం) కూడా మార్చాలని, దానికి డ్యాష్‌బోర్డు మొత్తం దింపాలని చెప్పాడు. పాత ఓనర్ ఇచ్చిన బిల్లుల్లో ప్రతి సర్వీసులోనూ ‘ఎయిర్ ఫిల్టర్’ మార్చినట్టు ఉంది కాబట్టి ఫిల్టర్ తప్పు కాదని మీరు అనుకుంటున్నారు.

డ్యాష్‌బోర్డు మీద ఇప్పుడే చెయ్యి వేయనివ్వకండి. బిల్లులో ఉన్న ఎయిర్ ఫిల్టర్ బానెట్ కింద ఇంజిన్‌కు గాలి వడపోసేది. మీరు పీల్చే గాలిని వడపోసేది వేరే. దాన్ని బిల్లుల్లో క్యాబిన్ ఫిల్టర్ అనో, ఏసీ ఫిల్టర్ అనో, పోలెన్ ఫిల్టర్ అనో రాస్తారు. ఆ మూడు మాటల్లో ఒక్కటీ ఏ బిల్లులోనూ లేకపోతే, ఆ ఫిల్టర్‌ను ఎన్నేళ్లుగానో ఎవరూ ముట్టుకోలేదనే లెక్క. పాత కార్లలో ఇది సర్వసాధారణం. గ్లవ్‌బాక్స్ వెనక కంటికి కనపడకుండా ఉంటుంది, అది లేకపోయినా కారు ఆగదు, అందుకే అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ లేరు.

గ్యాస్ సంగతి. ఏసీలో గ్యాస్ పెట్రోలులా తిరిగేకొద్దీ ఖర్చయిపోయేది కాదు. మీ కారులో ఉండే ఆర్-134ఎ మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా మళ్లీ పట్టిస్తే కొన్నాళ్లకు అదీ పోతుంది. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. గ్యాస్ తగ్గితే మామూలుగా గాలి జోరు తగ్గదు, చల్లదనం తగ్గుతుంది. మీకు జరుగుతున్నది దీనికి తలకిందులు. వెంట్‌కు దగ్గరగా చెయ్యి పెడితే చల్లగానే ఉందని, వెనక సీటుకు మాత్రం చేరడం లేదని మీరే రాశారు. చల్లదనం ఉండి జోరు లేదంటే దారిలో ఏదో అడ్డం పడినట్టు. ఆ దారిలో మొట్టమొదటి అడ్డం ఫిల్టరే.

గాలి ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. బయటి గాలి వైపర్ల కింద ఉన్న జాలీలోంచి లోపలికొస్తుంది. రీసర్క్యులేషన్ నొక్కితే జాలీ దారి మూసుకుని కారు లోపలి గాలే మళ్లీ లాగబడుతుంది. హోండా సిటీలో ఈ రెండు గాలులూ ముందు ఫిల్టర్ గుండా దిగి, కింద ఉన్న బ్లోయర్ ఫ్యాన్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి కూలింగ్ కాయిల్ మీదుగా వెంట్లకు వస్తాయి. ‘నేనెప్పుడూ రీసర్క్యులేషన్‌లోనే పెడతాను, నాకు ఫిల్టర్‌తో పనేముంది’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. చెప్పులతో లోపలికొచ్చిన మట్టి, సీట్ల నూగు, తలవెంట్రుకలు కూడా ఆ ఫిల్టర్ మీదే చేరతాయి.

ఫిల్టర్ మూసుకుపోతే ఫ్యాన్‌కు గాలి అందదు. గాలిని తోసే పని తగ్గుతుంది కాబట్టి అది ఇంకా వేగంగా, కాస్త కీచుగా తిరుగుతుంది. చప్పుడు పెరిగి గాలి తగ్గడం అంటే ఇదే. కాయిల్ మీదికి చాలినంత గాలి రాకపోతే దాని మీద చేరిన తేమ గడ్డకట్టవచ్చు. హైవే మీద గంట ప్రయాణం తర్వాత గాలి దాదాపు ఆగిపోయి, ఏసీ ఆపి పది నిమిషాలాగితే మళ్లీ బాగా వస్తుంటే, కాయిల్ మీద మంచు కట్టి కరిగిందన్నమాట. బ్లోయర్ స్పీడు తగ్గించే రెసిస్టర్ అనే చిన్న భాగం కూడా ఈ గాలికే చల్లబడుతుంది. గాలి చాలక అది కాలిపోతే ఒకటి, రెండు, మూడు పని చేయవు, నాలుగు మాత్రమే పని చేస్తుంది. మీకు నాలుగు స్పీడులూ పని చేస్తున్నాయి కాబట్టి అది ఇంకా బాగానే ఉంది.

అద్దం మీద ఆవిరి సంగతి నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం. చల్లదనం లేకపోతే ఉక్కపోతతోనే సరి, వర్షంలో ముందు అద్దం కనపడకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి మళ్లించి, బయటి గాలి లోపలికొచ్చేలా పెడితే ఆవిరి త్వరగానే విడిపోవాలి. ఆ గాలికి జోరు లేకపోతే గుడ్డతో తుడుచుకుంటూ నడపాల్సిందే. కాబట్టి ఈ పని వచ్చే నెలకు వాయిదా వేయకండి.

మీరే మార్చుకోగలరా అంటే తప్పకుండా మార్చుకోగలరు, దీనికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. కాకపోతే ఏళ్ల తరబడి వదిలేసిన ఫిల్టర్‌ను తీయడానికీ, ఏటా మార్చే ఫిల్టర్‌ను తీయడానికీ తేడా ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కారు నీడలో పెట్టి, ఇగ్నిషన్ ఆపి, తలుపులన్నీ తెరవండి. నాన్నగారిని ఆ దరిదాపుల్లో ఉండనివ్వకండి. మీరు మాస్కు, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. చెట్టు కింద పెట్టే కారు కాబట్టి జాలీలోంచి ఎలుకలు దూరి ఫిల్టర్ మీద గూడు పెట్టి ఉండే అవకాశం ఉంది. ఎలుక జ్వరం వాటి మూత్రం వల్లే వస్తుంది. తీసిన ఫిల్టర్ మీద పెంటికలో, కొరికిన దూది ముక్కలో కనపడితే పొడిగా ఊడ్చకండి, దులపకండి. క్రిమిసంహారక మందు కలిపిన నీళ్లు కొద్దిగా చిలకరించి, తడిపి, పాలిథిన్ సంచిలో కట్టి పారేయండి. పక్కన వైర్లు కూడా కొరికిందేమో టార్చితో చూడండి.

గ్లవ్‌బాక్స్ ఖాళీ చేసి తెరవండి. రెండు పక్కలా, అది పూర్తిగా కిందికి పడిపోకుండా ఆపే మొనలు ఉంటాయి. రెండు చేతులతో పెట్టె పక్కల్ని లోపలికి నొక్కి పట్టుకుంటే ఆ మొనలు అంచు దాటి, పెట్టె పూర్తిగా కిందికి వాలుతుంది. పదేళ్లు దాటిన ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి ఉంటుంది. ఒక్కసారిగా గుంజితే మొన విరుగుతుంది, విరిగితే గ్లవ్‌బాక్స్ ఎప్పటికీ గడగడలాడుతూనే ఉంటుంది. ఒక పక్క వదిలాక రెండో పక్క వదిలించండి. పక్కన చిన్న తాడుగానీ, పెట్టె మెల్లగా తెరుచుకునేలా చేసే డ్యాంపర్ కాడగానీ తగిలించి ఉంటే ముందు దాన్ని విప్పాలి.

లోపల ఎదురుగా అడ్డంగా సన్నటి నల్ల మూత కనపడుతుంది. దాని చివరల్లో ఉన్న నొక్కే క్లిప్పులు వేలితో అదిమి ముందుకు లాగితే ఊడివస్తుంది. ఫిల్టర్ దాని వెనకే, ట్రేలో పడుకోబెట్టినట్టు ఉంటుంది.

ఇక్కడ ఆగండి. ఈ కారులో ఫిల్టర్‌కు సరిగ్గా కింద బ్లోయర్ ఫ్యాన్ ఉందని పైన చెప్పాను. ఫిల్టర్ మీద ఎండిన వేపాకులు, పుల్లలు, వేప పువ్వు, మట్టి గుట్టగా ఉంటాయి. దాన్ని వంచి లాగితే అదంతా సూటిగా ఫ్యాన్‌లోకి రాలుతుంది. ఆ తర్వాత బ్లోయర్ వేసినప్పుడల్లా టకటకమని చప్పుడు, దానికోసం మళ్లీ మోటారు దింపడం. అందుకే లాగబోయే ముందు వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం సందులో పెట్టి పైనున్న చెత్త లాగినంత లాగండి. తర్వాత ట్రేని ఏమాత్రం వంచకుండా, అరచెయ్యి కింద పెట్టి, అంగుళం అంగుళంగా బయటికి తీయండి. బాగా పాతబడిన ఫిల్టర్ మడతలు కిందికి పొట్టలా జారి ఉంటాయి, అంచు అట్ట మెత్తబడి చేతికే ఊడొస్తుంది. కింద చిక్కుకుంటే బలం పెట్టకుండా కాస్త వెనక్కి తోసి మళ్లీ లాగండి.

బయటికొచ్చాక బాణం గుర్తు ఎటు ఉందో ముందు చూసుకోండి. ‘ఎయిర్ ఫ్లో’ అని అంచు మీద రాసి బాణం వేసి ఉంటుంది. మీ కారులో అది కిందికి చూడాలి. వేరే కార్లలో బాణం మరో వైపుకు ఉండొచ్చు. కొన్నింట్లో ఫిల్టర్ బ్లోయర్ తర్వాత, కాయిల్‌కు ముందు నిలువుగా ఉంటుంది కాబట్టి గాలి నడిచే దిక్కు చూసి పెట్టాలి. ఫిల్టర్ ఉండే చోటు కూడా అన్నిటికీ ఒకటి కాదు. మారుతి, హ్యుందాయ్, టయోటా కార్లలో ఎక్కువగా గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది. పోలో లాంటి వాటిలో గ్లవ్‌బాక్స్ అడుగున కాళ్ల దగ్గర వంగి చూడాలి. కొన్ని పాత మోడళ్లకు, ముఖ్యంగా తక్కువ ధర వేరియంట్లకు, కంపెనీ నుంచే ఫిల్టర్ రాలేదు, పెట్టుకోవడానికి చోటు మాత్రమే ఇచ్చారు. మూత తీస్తే ఖాళీగా ఉంటే ఎవరో కాజేశారని కంగారు పడక్కర్లేదు, ఆ మోడల్‌కు సరిపోయేది కొని పెట్టుకోవచ్చు.

కొత్త ఫిల్టర్ వెంటనే పెట్టేయకండి. పాతది తీసేసి ఉన్న ఈ రెండు నిమిషాలే అసలు జబ్బు ఎక్కడుందో తెలుసుకునే సమయం. ముందు టార్చి వేసి కింద ఫ్యాన్ చూడండి, ఆకులుంటే ఇంజిన్, ఇగ్నిషన్ ఆపి ఉండగానే చేత్తోనో వ్యాక్యూమ్‌తోనో తీసేయండి. తర్వాత అద్దాలన్నీ దించి, మీరు బయట నిలబడి, ఫిల్టర్ లేకుండా బ్లోయర్ ఒక్క నిమిషం నాలుగులో వేయండి. గాలి ఒక్కసారిగా ఎగదన్నుకొస్తే అడ్డం ఫిల్టరే, మీ ఖర్చు కొన్ని వందలతో తేలిపోయింది. అప్పటికీ గాలి నీరసంగానే ఉంటే దుమ్ము ఫిల్టర్ దాటి ఫ్యాన్ రెక్కల మీదో, కాయిల్ మీదో పేరుకుని ఉండొచ్చు. ఈ పరీక్ష చేయకుండా కాయిల్ మార్చాలన్న మాట ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. డ్యాష్‌బోర్డు దింపి ఎక్కించడం చాలా పెద్ద పని. పాత కారులో ఒకసారి దింపితే క్లిప్పులు కొన్ని విరుగుతాయి, ఆపైన గతుకుల్లో కిర్రు కిర్రుమంటూనే ఉంటుంది. కాయిల్‌కు లీకు ఉందని చూపిస్తే తప్ప దానికి దిగకూడదు.

ఫ్యాన్ రెక్కలకు మట్టి పేరుకుని ఉంటే మోటారు కింద నుంచి విప్పి శుభ్రం చేయించుకోవచ్చు. సాధారణంగా మూడు స్క్రూలు, ఒక కనెక్టర్, అంతే. పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో రెక్క మధ్యా గీకితే బూడిద రంగు పొరలు పొరలుగా రాలుతుంది. రెక్కల అంచున ఎక్కడైనా చిన్న లోహపు క్లిప్పు తగిలించి కనపడితే చెత్త అనుకుని పీకేయకండి. ఫ్యాన్ సమంగా తిరగడానికి కంపెనీలో పెట్టిన బరువు అది. పీకేస్తే డ్యాష్‌బోర్డు వణుకుతుంది.

వాసన విషయానికొస్తే, ఒట్టి ఫిల్టర్ మారిస్తేనే అది పూర్తిగా పోతుందని నేను మాటివ్వలేను. ఏసీ నడిచినంతసేపూ కాయిల్ మీద నీళ్లు చేరతాయి. ఆ తడికి ఏళ్ల దుమ్ము అంటుకుని, అందులో బూజు, సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఏసీ వేయగానే ముందు ఆ గాలే ముక్కుకు తగులుతుంది. దీనికి కాయిల్ కోసం అమ్మే ఫోమ్ క్లీనర్ వాడాలి. మీ కారులో ఫిల్టర్ చోటు నుంచి కాయిల్ నేరుగా అందదు, మధ్యలో ఫ్యాన్ ఉంది. రెసిస్టర్ విప్పిన రంధ్రంలోంచి సన్నటి గొట్టం పంపి కొడతారు. ఇది అలవాటున్న ఏసీ మెకానిక్‌తో చేయించడం మంచిది. ఫోన్‌కు తగిలించే చిన్న కెమెరా వైరు ఉన్నవాడైతే మరీ మంచిది, కొట్టకముందు, కొట్టాక కాయిల్ ఎలా ఉందో మీకే చూపిస్తాడు. ఎవరైనా ప్రెషర్ పంపుతో నీళ్లు కొడతామంటే వద్దనండి, కాయిల్ రేకులు వంగిపోతాయి. బ్లీచింగ్ నీళ్లూ వద్దు, అల్యూమినియాన్ని తినేస్తాయి.

ఫోమ్ కరిగి, నీళ్లుగా కారు కిందికి కారాలి. కారకపోతే ఆ నీళ్లు బయటికి పోయే డ్రైన్ గొట్టం మూసుకుందన్నమాట. ఇది ఫోమ్ లేకుండానే చూసుకోవచ్చు. మన దగ్గర ఉక్కగా ఉన్న రోజున ఏసీ వేసి పావుగంట నిలబెడితే ఎడమవైపు ముందు భాగం కింద నీళ్లు బొట్లు బొట్లుగా పడి చిన్న మడుగు కట్టాలి. పడకపోతే ఎడమ సీటు ముందు కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉంటే మీ గోనెసంచి వాసనకు సగం కారణం అక్కడే ఉంది. గొట్టం శుభ్రం చేయించి, కార్పెట్ ఎత్తి ఎండబెట్టే దాకా ఎన్ని ఫిల్టర్లు మార్చినా లాభం లేదు.

పాత ఫిల్టర్‌నే కడిగి వాడొచ్చా అని అడిగారు. వద్దు. ఈ ఫిల్టర్ గుడ్డలోని సన్నటి పోగులకు స్థిరవిద్యుత్ ఉంటుంది, చిన్న చిన్న దుమ్ము కణాలను పట్టేది చాలావరకు అదే. నీళ్లలో ముంచితే ఆ గుణం పోతుంది. పైకి తెల్లగా కనపడుతుంది, పని మాత్రం చేయదు. కంప్రెసర్ గాలి కొడితే పోగులు చీలి, సన్నటి దుమ్ము నేరుగా లోపలికొచ్చే దారులు పడతాయి. ఏటా మారుస్తున్న ఫిల్టర్‌ను మధ్యలో ఒకసారి మెల్లగా తట్టి ఆకులు దులపడం వరకైతే ఫర్వాలేదు. మీది ఆ దశ దాటిపోయి ఉంటుంది.

కొనేటప్పుడు కారు మోడల్, ఏడాది చెప్పి కొనండి. వీలైతే పాతదాన్ని సంచిలో కట్టి తీసుకెళ్లి కొలత కలుపుకోండి. మీకు విజయవాడ ఆటోనగర్ దగ్గరే కాబట్టి దొరకడం కష్టం కాదు. మామూలు తెల్ల ఫిల్టర్ రెండు మూడొందల నుంచి ఐదొందల లోపు, కార్బన్ పొర ఉన్న బూడిద రంగుది దానికి కాస్త పైన ఉంటుంది. కంపెనీ పేరు కంటే అంచులు చూడండి. ట్రేలో పెట్టినప్పుడు నాలుగు పక్కలా బిగువుగా కూర్చోవాలి. ఒక పక్క చిటికెనవేలు దూరేంత సందు ఉన్నా గాలి ఫిల్టర్‌ను వదిలేసి ఆ సందులోంచే పోతుంది.

నాన్నగారికి ఉబ్బసం అన్నారు కాబట్టి కార్బన్ రకం తీసుకోండి. దుమ్ము పట్టే గుడ్డ రెండింట్లోనూ ఉంటుంది, కార్బన్ దానికి తోడు లారీల పొగ ఘాటును, కొన్ని వాయువులను కొంతవరకు పట్టి ఉంచుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రం ఏ ఫిల్టరూ ఆపదు. లోపలికి సైలెన్సర్ పొగ వాసన వస్తుంటే ముందు అది ఎక్కడినుంచి వస్తోందో చూపించండి. ఇంజిన్ నడుస్తుండగా అద్దాలు మూసుకుని ఏసీలో నిద్రపోవడం ఎంత మంచి ఫిల్టర్ ఉన్నా ప్రమాదమే. అతి సన్నటి దుమ్మును కూడా పడుతుందని ‘హెపా’ పేరు రాసి అమ్మేవాటి జోలికి పోకండి. అంత దట్టమైన గుడ్డ గుండా గాలి లాగేలా మీ పాత బ్లోయర్‌ను తయారు చేయలేదు, గాలి మళ్లీ తగ్గుతుంది.

కొత్తది పెట్టి మూత, గ్లవ్‌బాక్స్ బిగించాక అద్దాలు దించి బ్లోయర్ పూర్తి స్పీడులో ఐదు నిమిషాలు నడవనివ్వండి. గొట్టాల్లో మిగిలిన దుమ్ము అప్పుడే ఎగిరి వస్తుంది, అది పోయాకే నాన్నగారిని ఎక్కించండి. డ్యాష్‌బోర్డు మీద సెంటు బుడ్డి ఉంటే తీసేయండి, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ ఘాటే దగ్గు తెప్పించవచ్చు. ఇదంతా చేశాక గాలి జోరుగా వస్తూ కూడా చల్లగా లేకపోతే, అప్పుడు గ్యాస్, దాన్ని తోసే కంప్రెసర్, వేడిని బయటికి వదిలే ముందున్న కండెన్సర్ సంగతి మాట్లాడొచ్చు. అప్పుడైనా ముందు లీకు పరీక్ష చేయమనండి, ఆ తర్వాతే గ్యాస్.

ఇకమీదట ఎన్నాళ్లకు మార్చాలంటే, పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మీ ఊళ్లో మిర్చి సీజన్‌లో యార్డు చుట్టుపక్కల గాలిలో ఉండే ఘాటు మీకు నేను చెప్పక్కర్లేదు. అటు వెళ్లేటప్పుడు రీసర్క్యులేషన్‌లో పెట్టుకోండి, దాటాక కాసేపు బయటి గాలి రానివ్వండి, గంటల తరబడి అదే గాలి తిరిగితే నడిపేవారికి మత్తు వస్తుంది. సీజన్ అయిపోయాక, వానలు మొదలయ్యేలోపు ఫిల్టర్ మార్చేలా పెట్టుకుంటే అద్దం ఆవిరి బాధ కూడా ఉండదు. మధ్యలో ఆరు నెలలకోసారి మూత తీసి చూడండి, వైపర్ల కింద జాలీ మీద రాలిన ఆకులు వారానికోసారి తీసేయండి. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, బ్లోయర్ మాత్రం బయటి గాలితో నడవనిస్తే కాయిల్ మీది తడి చాలావరకు ఆరుతుంది.

సర్వీసుకు ఇచ్చినప్పుడు జాబ్ కార్డులో ‘క్యాబిన్ ఫిల్టర్’ అని విడిగా రాయించి, తీసిన పాతదాన్ని మీకు చూపించమని ముందే చెప్పండి. ఈసారి ఫిల్టర్ తీశాక ఆ ఒక్క నిమిషం పరీక్షలో గాలి ఎలా వచ్చింది, కారు కింద నీళ్లు పడ్డాయా లేదా, ఈ రెండూ రాయండి. కాయిల్ శుభ్రం చేయించాల్సిన అవసరం ఉందో లేదో దాన్నిబట్టి చెప్తాను.